శనివారం లిస్టు

(రాయపూర్, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. ఉక్కు ప్లాంటు కార్మికుడు దుర్గారావు పోయిన మూడో రోజు. పుట్టింట్లో అతని భార్య ఉమారాణి, అదే ప్లాంటు కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసే ఆమె అన్న రఘు.)

“చదువన్నయ్యా. పైకి చదువు.”

“ఇప్పుడెందుకమ్మా...”

“ఆయన ఫోనుకి ఇందాకే వచ్చింది. చదువు.”

“‘దుర్గారావు గారూ, మీ గేటు కార్డు మారింది. సోమవారం నుంచి స్టోర్సు గేటుకి రండి.’”

“స్టోర్సు. ఫర్నేసు కాదు.”

“ప్రతి శనివారం ఈ మెసేజు దానంతటదే వెళ్ళిపోతాదమ్మా. లిస్టులోంచి పేరు తీయించడం మర్చిపోయాను.”

“బదిలీ కాగితం నీకెప్పుడిచ్చారు?”

“సోమవారం.”

“ఇస్తే, అప్పుడే మార్చలేదేం?”

“పద్దెనిమిది వేల పేర్లు తల్లీ. ఒక్క పేరు మార్చినా మొత్తం అన్నీ మళ్ళీ రాసుకుంటాది ఆ కంప్యూటరు. గంటన్నర. అంతసేపూ ఏ గేటూ తెరుచుకోదు. అందుకే కాగితాలన్నీ పోగేసి శనివారం ఒక్కసారే ఎక్కిస్తాం.”

“అందుకని గురువారం కూడా ఫర్నేసుకే పోయాడు.”

“పాత కార్డు ఆ గేటుకే పనిచేస్తాది మరి. అంతే, రెండ్రోజులే కదా అనుకున్నా. ఫర్నేసు పేలుద్దని కలగన్నానా?”

“వారం మధ్యలో ఎవరికీ మార్చలేదా?”

“కాస్త చాయ్ తాగు. పొద్దున్నుంచీ...”

“ఎవరికీ మార్చలేదా?”

“చాయ్ చల్లారిపోతాదమ్మా.”

“యోగేష్‌కి బుధవారం మార్చావంట. వాడూ ఫర్నేసే. నా కాళ్ళమీద పడి ఏడ్చాడు.”

“మార్చాను.”

“ఒకటైనా రెండైనా అదే గంటన్నర కదా అన్నయ్యా?”

“అదే.”

“మరి ఆయన పేరూ అందులో కలిపితే నీ సొమ్మేం పోయింది? నీ చెల్లెలి మొగుడు కాదా?”

“తిట్టమ్మా, ఇంకా తిట్టు. యోగేష్‌ని తీసుకొచ్చింది బావే. ‘వీడికి చంటిపిల్ల రఘూ, రోజూ భయపడి చస్తున్నాడు. వీడిది మార్చెయ్’ అన్నాడు. నీదీ కలిపేస్తా బావా అన్నాను.”

“అంటే?”

“వద్దన్నాడు. ‘నా పేరుంటే బావ కోసమే గేట్లాపాడని నీ మీదికొస్తాది. నేను శనివారం దాకా ఆగుతాలే’ అన్నాడు. నవ్వాడు కూడా. ‘నాకేం తొందర, పిల్లలా పాపలా’ అన్నాడు. నేను విన్నానమ్మా. వినకుండా ఉండాల్సింది... ఉమా? ఏటమ్మా?”

“నాకు నెల తప్పిందన్నయ్యా. గట్టిగా తేలాక చెబుదామని, ఆయనకి చెప్పలేదు.”