రెండో తాడు

మొగల్తూరు దగ్గర సెల్ టవర్‌కి రంగు వేస్తూ పడి చనిపోయిన భర్త శవాన్ని ఎప్పుడిస్తారా అని ఆమె ఆసుపత్రి వరండాలో కూర్చుంది. పక్కన, ఆ పొద్దున అతనితో పాటే టవరెక్కిన మరిది.

"బయల్దేరేటప్పుడు కూడా చెప్పానయ్యా, నడుముకున్న బెల్టొక్కటే నమ్ముకోవద్దు, రెండో తాడు కూడా కట్టుకోమని. బెల్టు ఊడితే మనిషిని ఆపేది అదే కదా! మీ అన్నయ్యకి నా మాటంటే ఎప్పుడూ లెక్కలేదు."

"అన్నయ్యని తిట్టకు వదినా."

"తిట్టనా మరి? తాడు మర్చిపోయాడా, ఉండీ కట్టుకోలేదా?"

అతను తలెత్తలేదు.

"తెచ్చుకున్నాడు. పైకెక్కాక నా తాడు పురులు విడిపోయి ఉండటం చూశాడు. తనది విప్పి నాకు కట్టాడు. వద్దన్నాను వదినా. 'నాకు అలవాటేరా, నువ్వు కొత్తోడివి' అన్నాడు. కాసేపటికి బెల్టు కొక్కెం ఊడిన చప్పుడైంది. చెయ్యి చాచాను. అందలేదు."

పొద్దుటి నుంచి భర్తని తిట్టుకుంటూ కూర్చున్న ఆమె మరిది వైపు తిరిగింది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. ఇంటికెళ్లాక అమ్మకి చెప్పాలి."

"చెప్పకు. అడిగితే తాడు తనే మర్చిపోయాడని నేను చెప్తాను."

"చచ్చిపోయినోడి మీద నింద వేస్తావా వదినా?"

ఆమె పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"మీ అన్నయ్య ఏమీ అనుకోడులే. అత్తయ్య మాత్రం ఇకనుంచి రోజూ నీ మొహం చూసే బతకాలి."