బాతులు తప్పుకోని కారు

భద్రిరాజుగారని ఉండేవారు కొత్తపర్రులో, రొయ్యల చెరువుల రాజుగారు. ఉండేవారంటే పోయారనుకునేరు, నిక్షేపంలా ఉన్నారు, పొద్దున కూడా కాలవ దగ్గర కనపడ్డారు నాకు. కథన్నాక అలాగే ఎత్తుకోవాలి గదా అని అన్నాను. ఆయనకి డేగ బొమ్మ కారొకటుండేది. ఏ దేశందో నాకు తెలీదు, ముందు భాగం మాత్రం పడవంత పొడుగు, మూతికి ఇనప పళ్ళు. ఏటిగట్టు మీదికెక్కిందంటే ఇళ్ళల్లో అటకల మీద ఇత్తడి గిన్నెలు గలగల్లాడేవంట. ఆ మోతంటే ఆయనకి ప్రాణం. ఎందుకంటే, చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలుంటాయి గదా, ఏరియేటర్లు, అవి డీజిలు ఇంజన్ల మీద తిరిగేవి ఆయనకి. ఆ ఇంజన్ల మోత వింటూనే నిద్దరపోయేవారు. మోత ఆగిందంటే గాలందక రొయ్య తేలిపోతుంది, ఇల్లు మునిగిపోతుంది. మనం చప్పుడైతే లేస్తాం, ఆయన చప్పుడాగితే లేస్తారు. అలా అలవాటైపోయింది మనిషికి. పీయూసీలో మా ఫిజిక్సు మాస్టారు శబ్దతరంగాల గురించి చెబుతూ బల్ల మీద పిడికిలితో కొట్టేవారు... సరే, ఆయన సంగతిప్పుడెందుకు.

ఈ రాజుగారికి ఒక్కతే కూతురు, వైజయంతి. చదువుకుంది, చెరువుల పని కూడా గట్ల మీద తిరిగి నేర్చుకుంది. ఆ పిల్ల పట్టు ఏమిటంటే, ఈ డీజిలు ఇంజన్లు తీసేసి, సోలారు పలకలు వేసి, కరెంటు మోటార్లు పెడతాను, చెరువులు నాకప్పజెప్పండి అని. ఈయనేమో, నా కాళ్ళాడుతున్నంత కాలం ఇంజన్లు ఆగవు అని. ఇలా ఉండగా ఏమైందంటే, పాత కారు ముసలిదైపోయింది. అమ్మడూ, పట్నం వెళ్ళి అదే డేగ బొమ్మ కంపెనీలో కొత్తగా వచ్చినదేదో నువ్వే చూసి పట్రా అన్నారంట. ఆ పిల్ల వెళ్ళి తెచ్చింది. ఏం తెచ్చింది? కరెంటు కారు తెచ్చింది!

దాని వాలకం చెబుతాను వినండి. తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంది. ముందు పొడుగు లేదు, మూతికి పళ్ళు లేవు. దీపాలు చూద్దామంటే కాటుక గీతల్లాగ రెండు గీతలు. మన ఊరే కాదు, దేశదేశాల్లో జనం దాన్ని చూసి నెత్తీ నోరూ కొట్టుకున్నారంట, మా డేగకి ఈకలు పీకేశారని. టీవీలో నేనూ చూశాను. ఇక మన టీకొట్టు దగ్గర చెప్పాలా? అరగదీసిన సబ్బుబిళ్లలాగుందని ఒకడు, ఇస్త్రీపెట్టె అని ఒకడు, కాదురా, ఒలిచిన కోడిగుడ్డని ఇంకొకడు. రాజుగారు అరుగు మీద నించుని చూసి, ఇదేంటమ్మడూ, దీనికి ముక్కేదీ అన్నారంట. ఇంజనే లేదు గదండీ నాన్నగారూ, ఊపిరి పీల్చని దానికి ముక్కెందుకండీ అంది. ఎందుకేంటమ్మా, చూడ్డానికి! అన్నారీయన.

సరే, బండి వచ్చాక పూజ తప్పదు గదా. పూజారి శేషావతారంగారు వచ్చారు పళ్ళెం పట్టుకుని. దండ వెయ్యాలి, ఎక్కడ తగిలిస్తారు? పాతదానికైతే పళ్ళుండేవి, సందులో దారం దూర్చి కట్టేవారు. దీనికి ఆనిస్తే జారిపోతోంది, ఆనిస్తే జారిపోతోంది. నిమ్మకాయా మిరపకాయలూ కడదామంటే కింద కొక్కెం లేదు. చివరికి డ్రైవరు యాకోబు రెండు చేతులతో దండని అద్దానికి అదిమి పట్టుకున్నాడు, పూజ ఎవరికి జరుగుతోందో తెలీకుండా పోయింది, హారతి యాకోబుకే పట్టారు. నవ్వకండి, నేను అక్కడే ఉన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక బండి తియ్యండమ్మా అన్నారు శేషావతారంగారు. తీశానండి అంది లోపల్నించి వైజయంతి. ఏదీ, స్టార్టు చెయ్యండి. చేశానండి! ఆయన మోత కోసం చెవొగ్గి నించున్నారు, జనమంతా చెవులొగ్గి నించున్నారు. మోత లేదు. ఇంతలో టప్పుమని నిమ్మకాయలు నలిగాయి. అమ్మ బాబోయ్ అని శేషావతారంగారు పళ్ళెంతో సహా అరుగెక్కేశారు. కారు అప్పటికే కదిలిపోతోందనుకోండి!

ఊరంతా నవ్వారు. ఆ నవ్వు రాజుగారికి తగిలింది. ఈ కారు వెనక్కిచ్చెయ్యి అన్నారు. ఆ పిల్ల, ఇవ్వనండి అంది. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. రాజుగారు ఏమన్నారంటే, చూడు అమ్మడూ, ఈ రొయ్యల పట్టుబడి అయ్యేలోగా ఏ ఒక్కరన్నా సరే ఈ కారు చక్కగా ఉందనాలి. మనం అడక్కూడదు. వాళ్ళకి ఇది మనదని తెలియకూడదు, మొహం మీద అన్నది లెక్కలోకి రాదు. మొహం మీదైతే నన్ను కూడా అందగాణ్ణంటారు ఈ ఊళ్ళో. అలా ఒక్కరన్నారా, చెరువులు నీవి, ఇంజన్లు పీక్కుంటావో, పలకలు పరుచుకుంటావో నీ ఇష్టం. అనలేదా, కారు వెనక్కి పోతుంది, కరెంటు మాట నువ్వు మళ్ళీ ఎత్తకూడదు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, సరేనండి అంది. చెరువుల మీద ఆశంతా తీసుకెళ్ళి ఆ సబ్బుబిళ్ల మీద పెట్టింది, చూడండి!

అక్కణ్ణించి యాకోబుకి అదే పని. అద్దాలు నల్లవి గదా, ఓ వేలెడు దించుకుని, ఊరూరా తిప్పి చెవులు రిక్కించుకునేవాడంట. సాయంత్రం వచ్చేసరికి వైజయంతి గుమ్మంలో నించుని, ఏమన్నారు యాకోబూ? ఏం చెప్పమంటారండి, ఆకివీడు సంతలో ఒకాయన దీన్ని ఫ్రిజ్జనుకుని ధరడిగాడండి, ఆయ్. ఇంకో రోజు? చర్చి దగ్గర ఒకావిడ, పాపం యాక్సిడెంటైనట్టుంది, ముందు భాగం ఊడిపోయింది అందండి. ఇలా గడిచిపోయింది. రొయ్య ఎదిగింది, ఐసు లారీలు వచ్చాయి, పట్టుబడి మొదలైంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

రాజుగారు స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని, తాళం ఇటివ్వమ్మా, నేనే పట్నం తీసుకెళ్ళి ఇచ్చేసి వస్తాను అన్నారు. పట్టుబడి పూర్తవలేదు గదండీ అంది. నేను వెళ్ళొచ్చేసరికి అయిపోతుంది అన్నారు. తాళం ఇచ్చింది. ఏడవలేదు, చార్జింగు నిండా ఉందండి, జాగ్రత్తగా వెళ్ళండి అని మాత్రం అంది. అయినా ఈయన బయలుదేరారు.

కాలవగట్టు మీద కొంత దూరం పోయేసరికి ఎదురుగా బాతులు. ఒకటా రెండా? గట్టు కనపడకుండా బాతులు. ఈ కాలంలో వరి కోసిన చేలల్లో మేపుకుంటూ తోలుకొస్తారు గదా, అలా కన్నమ్మ, ఆవిడ మొగుడు సింగన్న తోలుకొస్తున్నారు. పాత కారైతే దాని మోతకే బాతులు కాలవలో దూకేసేవి, రోడ్డు ఖాళీ. ఇదేమో చప్పుడు చెయ్యదు, అవేమో తప్పుకోవు. కారు చుట్టూ చేరాయి, నీడలో కూలబడ్డాయి, నున్నటి తలుపులో తమ మొహాలు చూసుకుని ముక్కులతో టకటకమని పొడుస్తున్నాయి. రాజుగారి చెయ్యి హారను మీదికి వెళ్ళిందంట. అప్పుడు వినపడింది, కన్నమ్మ గొంతు.

ఇటు చూడయ్యా, ఎంత చక్కగుందో కారు! అంది. సింగన్న, అదా? చెప్పుల డబ్బాలాగుంది అన్నాడు. నీ కళ్ళకేం తెలుసు, ఆ నున్నటి ఒళ్ళు చూడు, ఆ మూతి చూడు, అచ్చం మన పోతుబాతు తల వంచుకుని కూచున్నట్టు లేదూ? దీన్ని చూసి ఒక్క బాతైనా బెదిరిందా? ఆ మోత కారొకటి వచ్చేది చూడు, డేగ బొమ్మది, ఆ కారెవడిదో గానీ వాడి చెవుల్లో పురుగులు పడ! దాని దెబ్బకి తొక్కుడులో ఎన్ని పిల్లలు చచ్చాయి నాయి! ఎక్కడబడితే అక్కడ గుడ్లు జారవిడిచేసేవి, అది పోతూ ఉంటే నేను దోసిట్లో పగిలిన గుడ్లెత్తుకునేదాన్ని.

రాజుగారు హారను మీంచి చెయ్యి తీసేశారు. లోపల ఎవరున్నారో ఆవిడకి తెలీదు. కారులో ఇంకెవరూ లేరు. ఆ మాట విన్నది ఈయనొక్కరే. వినలేదనుకుంటే అడిగేవాడు లేడు. బాతులన్నీ మెల్లిగా లేచి, ఒళ్ళు దులుపుకుని, పక్కనించి దాటుకుంటూ పోయాయి. అవి పోయేదాకా కూచున్నారంట అలాగే. ఆ తర్వాత కారు తిప్పారు, ఇంటివైపు.

వైజయంతి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, ఏమన్నా మర్చిపోయారా అండీ అంది. ఈయన జేబులోంచి ఇంజన్ల షెడ్డు తాళాల గుత్తి తీసి, ఆ పిల్ల చేతిలో పెట్టారు. ఒకావిడ అంది అన్నారు. ఎవరండీ? ఎవరైతే ఏం, అందంతే అన్నారీయన. మీరని తెలిసి అన్లేదు గదండీ, నా మీద జాలితో చెప్పట్లేదు గదండీ, నాకు అలా వద్దండీ అంది ఆ పిల్ల. దానికీయన, పిచ్చిదానా, ఆ నోటితోనే నా చెవుల్లో పురుగులు పడాలని తిట్టింది, అలా తిట్టే మనిషి నన్ను మెప్పించడానికి అంటుందా, అన్నారు. అప్పుడేడ్చింది ఆ పిల్ల. ఈయనకి ఏం చెయ్యాలో తోచక, ఐసు కరిగిపోతోంది, పట్టుబడి దగ్గరికి పద, అని కసిరారంట.

ఇప్పుడు చెరువుల మీద పలకలున్నాయి, మోటార్లున్నాయి. కరెంటు పోతే గాభరా పడకుండా ఒక డీజిలు ఇంజను ఉంచింది ఆ పిల్ల. మొదట్లో రాజుగారికి మోత లేక నిద్ర పట్టేది కాదంట. ఇప్పుడు చక్రాలు నీళ్ళు చిలికే చప్పుడు వినపడుతోందయ్యా, ఇన్నాళ్ళూ ఇంజన్ల కింద ఈ చప్పుడుందని నాకు తెలీదు అన్నారు నాతో. ఏటా బాతులొచ్చే రోజులకి గట్టు వార చేను దున్నకుండా వదిలేయిస్తున్నారు. ఎందుకని ఎవరికీ చెప్పరు, కన్నమ్మకైతే అసలు చెప్పరు.

ఇక ఆ కారంటారా. నన్ను అడిగితే నిజం చెబుతాను, బాగోదండీ. మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ బాగుందనరు. మొన్న నన్ను ఆసుపత్రికి అందులోనే తీసుకెళ్ళారు రాజుగారు. మెత్తగా ఉంది, చల్లగా ఉంది, కుదుపు లేదు, కాలవ మీద పిట్టలరుపులు వినపడ్డాయి. లోపల కూచుంటే ఎంత హాయో చెప్పలేను. ఎందుకు హాయి ఉండదూ, లోపల్నించి చూస్తే ఆ కారు కనపడదు గదా!