పెరటి కోళ్లు వేరు

ఆస్పత్రి నుంచి తిన్నగా కోళ్ల షెడ్డుకొచ్చిన అక్క, నీళ్ల ట్యాంకులో డబ్బాలోంచి పొడి కలుపుతున్న తమ్ముడి ముందు రిపోర్టు పెట్టింది.

"నాన్న కాలి పుండులోంచి చీము తీసి పరీక్ష చేశారు. పద్నాలుగు మందులు పెట్టి చూస్తే ఒక్కదానికీ ఆ క్రిమి చావలేదట."

"పుండే కదక్కా! దానికింత గొడవా?"

"జబ్బు లేని కోళ్లకి రోజూ మందెందుకు పోస్తున్నారని డాక్టరు నన్ను నిలదీశాడు. అలా పోస్తే క్రిములు మందుకి అలవాటుపడి చావకుండా తయారవుతాయట. ఏం చెప్పమంటావు?"

"పొయ్యకపోతే బరువు రావు. ఊళ్లో అందరూ పోస్తున్నారు, నేనొక్కడినే దొరికానా? అయినా ఈ కోళ్లు మనం ముట్టుకోం కదా! మన ఇంటికని పెరట్లో వేరే పెంచుకుంటున్నాం. వాటికి చుక్క మందు వెయ్యను."

"అంటే నీకు ముందే తెలుసన్నమాట."

"అది కాదక్కా..."

"నాన్న తినలేదురా. చెప్పుల్లేకుండా ఈ రెట్టలో తిరిగాడు, అంతే."

"ఇప్పుడు ఇంకే మందూ లేదా?"

"ఒక్కటుందట. ఏదీ పనిచెయ్యనప్పుడు వాడదామని దాచుకున్నదట. ఇదిగో, చీటీ మీద రాసిచ్చారు. రేపు పొద్దున మొదలుపెడతారు. అలా చూస్తావేంటి? దేవుడి దయవల్ల ఇదైనా పనిచేస్తే నాన్న లేచి కూర్చుంటాడు."

"అక్కా..."

"ఏంట్రా? ఆ డబ్బా ఎందుకు దాస్తున్నావు? ఇటు తే."

"పాతది కోళ్లకి పనిచెయ్యట్లేదని, మూడు నెలల నుంచీ ఇదే కలుపుతున్నానక్కా."