కరెంటు మామ తీసేసిన ఇంజిన్

కోతలు కోయడానికి కొడవలి అక్కర్లేదు. ఒక టీ గ్లాసూ, వినడానికి ఇద్దరు మనుషులూ ఉంటే చాలు. కరెంటు మామకి ఆ పొద్దున ముగ్గురు దొరికారు. టీ కొట్టు ఆయన సరే, పొయ్యి వదిలి ఎక్కడికి పోతాడు? ఎదురు దుకాణం టైలరు మెళ్ళో టేపు తియ్యకుండానే రెండో టీకి వచ్చి కూర్చున్నాడు. మూడోవాడు టాక్సీ డ్రైవరు. అతను టీకి రాలేదు. ఇంజిన్ ఆపకుండానే కారు కొట్టు ముందు నిలిపి, బానెట్ ఎత్తి, చేతిలో స్పానరుతో నిలబడ్డాడు.

ఆపితే మళ్ళీ లేవదని భయం. కొత్త బ్యాటరీ వేయించి వారం కాలేదు, రోజూ పొద్దునకల్లా చచ్చి పడుంటోంది. నిన్న నడిరోడ్డు మీద ఆగింది. వెనక సీట్లో ఉన్నది రిటైరైన పంతులమ్మ. ఏళ్ళ తరబడి ఆవిడ ఎక్కేది ఇతని కారే. "రేపు పదింటికి నా కంటి ఆపరేషను. రేపూ ఆగిందా, ఇక నీకూ నాకూ చెల్లు నాయనా" అని నెమ్మదిగా చెప్పి దిగిపోయింది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు డ్రైవరు. మెకానిక్ షెడ్డు చూస్తే పది దాటితేగాని తెరవరు.

"పాడైంది బ్యాటరీనా, ఆల్టర్నేటరా? నువ్వే తేల్చాలి మామా."

"దానికింత గాభరా ఎందుకల్లుడూ?" అని కరెంటు మామ కాలు మీద కాలేశాడు. "బ్యాటరీ అంటే తొట్టి. ఆల్టర్నేటరు అందులో నీళ్ళు తోడిపోసేవాడు. తొట్టికి చిల్లు పడిందా, తోడేవాడు పడుకున్నాడా, అంతేగా! బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకెయ్. ఇంజిన్ ఆగిందా, ఆల్టర్నేటరు పోయినట్టు. ఆగలేదా, బ్యాటరీ పోయినట్టు."

"అది తాతలనాటి బళ్ళకి" అన్నాడు టీ కొట్టు ఆయన పాలు కలుపుతూ. "ఇప్పుడు కార్లో చిన్న కంప్యూటరు ఉంటుందట. అలా పీకితే అది మాడిపోతుందని మా బావమరిది చెప్పాడు."

"మీ బావమరిది ఎన్ని పీకాడేంటి? నేనొక డాక్టరుగారి కారుకి పీకాను. ఆగలేదు. పీకింది పీకాను గదా, మళ్ళీ తగిలించడం దేనికని బ్యాటరీని పేవ్‌మెంటు మీద దింపేసి, ఆయన్ని కూర్చోబెట్టుకుని పక్క ఊరు బయల్దేరాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆగిపోయుంటుంది" అన్నాడు టైలరు.

"నీ నోట్లో సూది గుచ్చా! ఆగడమా? తొట్టి లేదు గదా, తోడిన కరెంటంతా ఎటు పోవాలి? హెడ్‌లైట్లలోకి పోయింది. చీకట్లో ఊళ్ళోకి వెళ్తే తెల్లారిందనుకుని కోళ్ళు కూశాయి, జనం నోట్లో బ్రష్షులు పెట్టుకుని బయటికొచ్చారు. అంతలో ఆ ఊళ్ళో కరెంటు పోయింది. సరే పాపం అని ఒక వైరు లాగి స్తంభానికి తగిలించాను. ఊరంతా దీపాలు! కరెంటాఫీసు వాళ్ళు పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, కాస్త తగ్గించండి, ఫ్యాన్లు కొక్కేలతో సహా ఎగిరిపోతున్నాయి' అని కాళ్ళా వేళ్ళా పడ్డారు."

డ్రైవరు సగమే వింటున్నాడు. స్పానరు బ్యాటరీ టెర్మినల్ మీద పెట్టి ఒక చుట్టు తిప్పాడు. నట్టు వదులైంది. కంప్యూటరు మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. గడియారం చూసుకున్నాక మళ్ళీ కదిలింది.

"తిరిగొస్తుంటే పెట్రోలు అయిపోయింది" అంటున్నాడు మామ. "ఎవరికి తెలిసింది? కారుకే తెలీలేదు! అప్పుడు నాకు తట్టింది. ఇంత కరెంటుండగా ఈ ఇంజిన్ ఎందుకు, దండగ బరువు! రోడ్డు పక్కన ఆపి, నాలుగు బోల్టులు విప్పి, ఇంజిన్ని తీసి అవతల పెట్టాను. ఇక చూడు, ఒక్క ఆల్టర్నేటరు మీద కారు గాల్లో దూదిలాగా..."

"మామా," అన్నాడు టైలరు గ్లాసు దించి, "చిన్న అనుమానం. నా మిషను చక్రం తిరగాలంటే కింద తొక్కుడు చక్రం నుంచి బెల్టు రావాలి. అది కాస్త సాగిందంటే నేనెంత తొక్కినా సూది ఆడదు. నీ ఆల్టర్నేటరు తిరగడానికీ బెల్టే గదా? ఇంజిన్ తీసేశాక దాని రెండో కొస దేనికి తగిలించావు? డాక్టరుగారి మెడకా?"

టీ కొట్టు ఆయన గరిట వదిలేసి నవ్వాడు. కరెంటు మామ ఇంకో టీ పొయ్యమని గ్లాసు చాపాడు.

డ్రైవరు మాత్రం నవ్వలేదు. బెల్టు! బ్యాటరీ మార్చాడు, వైర్లు తుడిచాడు, బెల్టు వైపు కన్నెత్తి చూడలేదు. పొద్దున బండి లేవగానే కీచుమని అరిచే అరుపు ఎలకపిల్లదేమో అనుకున్నాడు. విప్పిన నట్టు గబగబా బిగించి, ఒక్క క్షణం తటపటాయించి, ఇంజిన్ ఆపేశాడు.

"అయ్యో, ఆపేశావేంట్రా!" అన్నాడు టీ కొట్టు ఆయన.

డ్రైవరు బెల్టు మీద బొటనవేలితో నొక్కాడు. తడిబట్టలు ఆరేసిన తాడులా కిందికి దిగిపోయింది. ఆల్టర్నేటరుని పట్టి ఉంచే బోల్టు వదులు చేసి, టైలరు చేత రాడ్డుతో ఆల్టర్నేటరుని వెనక్కి పట్టించి, బెల్టు బిర్రుగా లాగి బిగించాడు. మళ్ళీ నొక్కితే ఈసారి వేలికే నొప్పి పుట్టింది.

"పట్టండి, తొయ్యండి!"

టైలరూ, టీ కొట్టు ఆయనా, వాళ్ళ మధ్య కరెంటు మామా. ఒంటిచేత్తో ఊరికి కరెంటిచ్చిన మనిషి పది అడుగులకే రొప్పుతున్నాడు. డ్రైవరు క్లచ్చి వదిలాడు. కారు ఒక కుదుపు కుదిపి అందుకుంది. కీచుమనలేదు. లోపల బ్యాటరీ బొమ్మున్న ఎర్రదీపం ఒకసారి మెరిసి ఆరిపోయింది. అతను హెడ్‌లైట్లు వేసి చూశాడు, వైపర్లూ ఫ్యానూ కూడా వేసి చూశాడు. ఎర్రదీపం వెలగలేదు.

"పంతులమ్మగారూ, వచ్చేస్తున్నా, గుమ్మంలోకి రండి" అన్నాడు ఫోన్లో, చాలా రోజుల తర్వాత గొంతు విప్పి.

కరెంటు మామ కిటికీ పట్టుకుని, ఊపిరి తీసుకుని, లోపలికి వంగాడు.

"చూశావా అల్లుడూ? ఆ రోజు నేను ఇంజిన్ తియ్యబట్టి గదా, ఇవాళ నీ బెల్టు దొరికింది!"