కండల సూది

ఈజిప్టులోని దమియెట్టా ఊళ్ళో సాయంకాలం నమాజుకి వీధి ఖాళీ అయ్యాక, రబాబ్ మందుల షాపులోకి ఆమె మాజీ అత్తగారు, హజ్ చేసొచ్చిన హజ్జా తహానీ వచ్చి, డాక్టరు చీటీ గల్లా మీద పెట్టింది.

"ఈ మందు ఎవరికి? ముందది చెప్పండి, హజ్జా."

"చీటీ మీద రాసుందిగా."

"చదవడం వచ్చు. మీ నోటినుంచి వినాలని."

"మా కోడలికి."

"ఏ కోడలికి?"

"ఎందుకమ్మా ఇలా మాట్లాడతావు? మయాదాకి. ఇహాబ్ కొత్త పెళ్ళానికి. ఊరంతా తిరిగాను, ఏ షాపులోనూ ఈ సూదులు లేవట. ఉంటే నీ దగ్గరే ఉంటాయన్నారు. లేకపోతే నీ గడప తొక్కేదాన్నా?"

"ఉన్నాయి. ఫ్రిజ్‌లో."

"మరి ఇయ్యి. ఇదుగో, మెషబ్బెక్ మిఠాయి తెచ్చాను. నీకిష్టమని."

"అది మీ అమ్మాయికిష్టం. నాకు కాదు. కూర్చోండి. ఈ సూదులు ఏం చేస్తాయో తెలుసా మీకు?"

"పిల్లల్ని పుట్టిస్తాయి."

"పుట్టించవు. మామూలుగా ఆడదానికి నెలకి ఒక గుడ్డు పండుతుంది. ఇవి వేస్తే ఒకేసారి చాలా పండుతాయి. ఒక్కోసారి హద్దు దాటి పండుతాయి. అప్పుడు కడుపులో నీళ్ళు చేరతాయి, ఊపిరాడదు. మీకు గుర్తుండాలి. ఆస్పత్రిలో నా మంచం పక్కనే నిలబడ్డారు."

"పాత మాటలు ఇప్పుడెందుకు?"

"మా అమ్మ వింటుండగా ఏమన్నారు? పోనీలే, ఇలాగైనా దీని కడుపు పెరగడం చూశాం, అన్నారు."

"నవ్వులాటకి అన్నాను."

"మీ మనవరాలి ఏడోరోజు పండగలో నా చేతిలోంచి పసిదాన్ని లాక్కున్నారే, అదీ నవ్వులాటకేనా? గొడ్రాలి చెయ్యి తగిలిందని దాని బట్టలు మార్పించారు. నేనింకా గదిలోనే ఉన్నాను, హజ్జా."

"సరే. తప్పయింది. ఏమనమంటే అదంటాను. సూదులియ్యి తల్లీ."

"ఇహాబ్‌కి పరీక్ష చేయించారా?"

"వాడికెందుకు పరీక్ష? వాణ్ణి చూశావుగా, గుమ్మం పట్టడు. జిమ్ములో కుర్రాళ్ళు వాడి చేతులకి ఫోటోలు తీసుకుంటారు."

"ఆ చేతులు ఎలా వచ్చాయి?"

"తిండి. కసరత్తు. విటమిన్లు."

"సూదితో పొడుచుకునే విటమిన్లా?"

"ఏదో వేసుకుంటాడు. మగాడి సంగతులు నాకెందుకు?"

"అది మగ హార్మోను. ఒంట్లో తనంతట తానే తయారయ్యేదాన్ని, కండల కోసం బయటినుంచి ఎక్కించుకుంటున్నాడు. తలలో చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. కింద పని నడవాలని రోజూ కబురు పంపేది అదే. నెత్తుట్లో అంత హార్మోను కనబడేసరికి, సరుకు బోలెడుందనుకుని కబురు మానేస్తుంది. కింద పని ఆగిపోతుంది. విత్తనం తయారవ్వదు."

"సిగ్గులేకుండా ఆ మాటలేమిటి?"

"మందుల షాపులో సిగ్గేమిటి? మీ ఫర్నిచర్ షెడ్డే అనుకోండి. పైదేశం నుంచి తయారు కుర్చీలు లారీల్లో దిగితే మీ వడ్రంగులు ఏం చేస్తారు?"

"ఇళ్ళకి పోతారు."

"అంతే. షాపు మాత్రం నిండుగా కనబడుతుంది."

"అబద్ధం. వాడి మీద కక్షతో అంటున్నావు."

"కక్ష ఉంది. అబద్ధం లేదు."

"నిజమే అయితే అప్పుడే చెప్పొచ్చుగా? నోరు లేదా నీకు?"

"చెప్పాను. మీ అబ్బాయికే చెప్పాను. ఆపెయ్యి, కొన్ని నెలలు ఓపిక పడితే చాలామందికి తిరిగొస్తుంది అన్నాను. ఆపితే కండ కరిగిపోతుందన్నాడు. అమ్మ చెవిన వేశావో, అని వేలు చూపించాడు. నేను మెట్ల మీంచి పడింది ఆ రోజే."

"మెట్ల మీంచి పడ్డావనే వాడు చెప్పాడు నాకు."

"మొన్న మయాదా ఎక్కణ్ణుంచి పడింది?"

"దాని సంగతి వదిలెయ్యి."

"ఎక్కణ్ణుంచి, హజ్జా?"

"మెట్ల మీంచే."

"కాలా, చెయ్యా?"

"చెయ్యి. వాడికి కోపమొస్తే ఒళ్ళు తెలీదు. ఆ సూదుల వల్లేనేమో. అదే అయ్యుంటుంది."

"సూది మొదలెట్టకముందు కూడా కొట్టాడు."

"ఆగు. ఆగాగు. అంటే వాడికి తెలుసా? నిన్ను డాక్టర్ల చుట్టూ తిప్పి పొడిపించినన్నాళ్ళూ, లోపం తనదేనని వాడికి తెలుసా?"

"మీరు నన్ను గొడ్రాలన్నప్పుడల్లా పక్కనే కూర్చుని టీ తాగాడు."

"నాకు చెప్పలేదు. కన్నతల్లిని, నాకు చెప్పలేదు."

"మీరెప్పుడు అడిగారు?"

"సరే, విను. అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు నేనే దగ్గరుండి ఆపిస్తాను. ఆపితే తిరిగొస్తుందన్నావుగా?"

"రావచ్చు. ఇన్నేళ్ళు వాడాడు కాబట్టి రాకపోనూ వచ్చు. ఎవరూ మాట ఇవ్వలేరు."

"ఎవడు అమ్ముతున్నాడు వాడికి? నువ్వా? నువ్వేనా?"

"నేను కాదు. జిమ్ము వెనక ఒకడు అమ్ముతాడు. అయితే వెళ్ళి తెచ్చేది ఇహాబ్ కాదు."

"మరి?"

"మయాదా. ప్రతివారం తనే తెస్తుంది, తనే పొడుస్తుంది. వాడు మర్చిపోయినా తను మర్చిపోదు."

"మొగుడికి సేవ చేస్తోంది, పాపం. చిన్నపిల్ల, విటమిన్లనుకుంటోంది. పుట్టింటినుంచి రాగానే నేనే చెప్తాను."

"ఆమె రాదు. పోర్ట్ సయీద్‌లో వాళ్ళన్న ఇంట్లో ఉంది. విడాకులిప్పించమని కోర్టుకెక్కింది. అందుకే ఇవాళ నోరు విప్పాను. తనే విప్పమంది."

"నీకూ దానికీ ఏమిటి సంబంధం?"

"పెళ్ళయిన కొత్తలో ఒకసారి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. తీస్తే కన్ను వాచి ఉంది."

"నువ్వే దాని మనసు విరిచావు. బిడ్డ కోసం మొక్కుకుంటున్న పిల్లకి లేనిపోనివన్నీ నూరిపోశావు."

"నేను నూరిపోసిందేం లేదు, అత్తయ్యా. సూది సంగతంతా తెలుసుకునే వచ్చింది. నన్ను అడిగింది ఒక్కటే. ఒక్క వారం సూది తప్పినా నాకు అతనివల్ల బిడ్డ పుట్టే ప్రమాదం ఉందా, అని."