బటను సందులో పుల్ల

ప్రెస్సు మిషను కింద కుడిచెయ్యి నలిగిపోయిన మనిషి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అదే ఫ్యాక్టరీలో పనిచేసే బావమరిది డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు.

"నొప్పిగా ఉందా బావా?"

"ఏమీ తెలియడం లేదురా. ఎడమచేత్తో తినడం నేర్పిస్తోంది మీ అక్క, చంటిపిల్లాడికి నేర్పినట్టు."

"అక్కేది?"

"కాసేపు నడుం వాల్చమని ఇంటికి పంపా. నా మిషను మీద ఎవర్నేశారు?"

"రెండు రోజులు ఆపారు. కడిగి మళ్ళీ నడిపిస్తున్నారు."

"ఎవరని అడుగుతున్నా."

"నేనే బావా."

"రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే ప్రెస్సు దిగాలి. ఒకటి నొక్కుకునే ఉండేలా దాని సందులో నేను పుల్ల ఇరికించా. తీసేశారా?"

"తీసి ఫొటో కూడా తీసుకున్నారు. తప్పు నీదేనని రాసుకున్నారు."

"తెలుసు. దాని మీద నాచేత ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు."

"ఊరికే వేసేశావా?"

"పుల్ల పెట్టింది నేనే కదరా. పెట్టకపోతే గంటకి నాలుగొందల రేకులు ఎలా అవుతాయని ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా తగ్గించారా?"

"లేదు. నాలుగొందలే."

"మరి నీకెలా అవుతున్నాయి?"

బావమరిది సీసా అందుకుని గ్లాసులో నీళ్ళు పోయబోయాడు.

"ఒరే, నిన్నే అడిగేది."

"నిన్న మూడొందలే అయ్యాయి. ఇంతే అయితే రేపట్నుంచి రావద్దన్నాడు సూపర్‌వైజరు. అందుకని ఇవాళ పొద్దున..."

"పెట్టేశావా?"

"పెట్టా బావా."

బావ ఎడమచేత్తో అతని కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"మీ అక్కకి మాత్రం చెప్పకు."