మందు ఇంకేదాకా

కదలకు. పెదవి కూడా కదపకు. "ఇక చాలమ్మా" అనేగా ఆ చూపు? పొద్దున్నుంచీ వింటూనే ఉన్నాను. బస్సులో అన్నావు, ఈ మంచం ఎక్కుతూ అన్నావు. ఇదే ఆఖరట! ఎవరడిగారు నిన్ను?

సరే, అడగాల్సింది నిన్నే. చెంప నీది. మంట నీది.

డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా. లేజరు ఆ మచ్చ నిండా కంటికి ఆనని బెజ్జాలు పొడిచిందట. అవి మూసుకునేలోపు ఈ మందు చుక్కలు లోపలికి దిగాలట. దిగితే ఆ లావు కండ మెత్తబడుతుంది, నోరు సాగుతుంది. అందాకా మాట్లాడకూడదు.

నువ్వు మాట్లాడకుండా ఉండటం! మీ నాన్న నిన్ను మైకు అని పిలిచేవాడు. లాండ్రీలో ఆవిరి గొట్టం నీ ముఖం మీద పగిలిన దగ్గర్నుంచీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. అదే నాకు భయం.

నవ్వకు! మూతి ఒక పక్కకే లేస్తుందని నవ్వడం మానేసినదానివి, ఇప్పుడే నవ్వాలా?

పోయినసారి వేసిన మందుకు ఇసుమంతైనా తగ్గలేదు. డాక్టరమ్మ వేలితో నొక్కి చూసి పెదవి విరిచింది. "కొందరి చర్మానికి పట్టదు. ఇంకొక్కసారి చూసి ఆపేద్దాం" అంది. నువ్వు ఇంటికొచ్చి అద్దం గోడవైపు తిప్పేశావు. "మొండి తోలు, నీ పోలికే" అన్నావు.

నా పోలికే. కానీ తప్పు తోలుది కాదు.

ఎలా చెప్పను... పోయినసారి లేజరుకని నీ కళ్ళకు కట్టిన గంతలు ఇంకా విప్పలేదు. చెంప మొద్దుబారి ఉంది. ఈ బెజ్జాల సంగతి నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్ళింది. చూస్తే నీ చెంప మీంచి తడి మెడ మీదికి కారుతోంది. రుమాలు తీసి శుభ్రంగా తుడిచేశాను.

నీ ముఖం తుడవడం నాకొకరు నేర్పాలా? పాలు కారినా, చీమిడి కారినా, అదేగా నా పని.

ఆవిడ తిరిగొచ్చి, పొడి చెంప చూసి, "మందు బాగా ఇంకిందే!" అని మురిసిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. తడి రుమాలు కొంగులో దాచేశాను.

నీ చర్మానికి పట్టకపోవడమేమిటే? దానికి మందు అందనే లేదు.

అందుకే ఈవేళ రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాను. చలేస్తోందనుకున్నావు కదూ?

అలా చూడకు. తర్వాత తిట్టు. వీధంతా వినపడేలా తిట్టు.

అయ్యో... ఏడవకు. అటే కారుతోంది, మచ్చ మీదికే. మందు కొట్టుకుపోతుంది తల్లీ. నా చెయ్యి లేస్తోంది... వద్దు.

డాక్టరమ్మా! ఓ డాక్టరమ్మా! ఒకసారి రండి. కన్నీళ్ళు మీరే తుడవండి. నేను ముట్టుకోను.

పోయినసారి ముట్టుకున్నది నేనే.